కర్పూరం ఆర్పితే జీతం

మీరు నెల రోజులు పని చేశారు. పని చేశామని రుజువు చేయాల్సింది మీరా, చేయలేదని రుజువు చేయాల్సింది జీతం ఇవ్వాల్సినవాడా?

తొందరపడి జవాబు చెప్పకండి. నేను పదకొండేళ్ళు ఏజెన్సీల కింద సెక్యూరిటీ సూపర్‌వైజరుగా పనిచేశాను. రిటైరవడానికి ఏడాది ముందు దాకా ఈ ప్రశ్న నాకు తట్టలేదు. తట్టాల్సిన రోజున కూడా దాన్ని పక్కన పెట్టి, నాకు బాగా వచ్చిన వేరే వాదం ఎత్తుకున్నాను. అనవసరమైన చోట గెలవడం ఎంత సుఖంగా ఉంటుందో, ఎంత నష్టం తెస్తుందో ఆ ఏడాదే నేర్చుకున్నాను. ఇవాళ ఏజెన్సీల కింద పనికి చేరుతున్న చిన్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మారతహళ్ళిలో రింగు రోడ్డు పక్కన ఏడు అంతస్తుల ఆఫీసు భవనం. దాని గేట్లకు కాపలా, అంతస్తులకు ఊడ్పూ తుడుపూ మా పని. భవనం కంపెనీది, మనుషులం ఏజెన్సీవాళ్ళం. కంపెనీ ఏజెన్సీకి డబ్బిస్తుంది, ఏజెన్సీ మాకు జీతం ఇస్తుంది. మా మెడలో కార్డు మీద ఏజెన్సీ పేరు, మేం సలాం కొట్టేది కంపెనీకి. మామూలు రోజుల్లో ఇద్దరూ మా యజమానులే. జీతం ఆగిన రోజున ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు.

మా జట్టు పదకొండు మంది. అందరి గురించీ చెప్పను, ఇద్దరు చాలు. ఒకాయన కదిరి పక్కనుంచి వచ్చిన గార్డు. నాకన్నా రెండేళ్ళు పెద్ద, మహా భక్తుడు. శనివారాలు ఒక్కపూటే తింటాడు, కానీ ఆ ఒక్కపూటా ఇద్దరి తిండి తింటాడు. రెండో మనిషి నారాయణపేట నుంచి వచ్చిన హౌస్‌కీపింగ్ ఆవిడ. ఏడు అంతస్తుల్లో ఎక్కడ ఏ మరక ఎన్నాళ్ళ నుంచి ఉందో చెప్పగలదు. ఆమె నోటికి కంపెనీ మేనేజర్లు కూడా దారి ఇచ్చేవారు.

ఇప్పుడు మా తప్పు చెబుతాను.

మా సీమలో ఒకరి చేనికి ఒకరు బదులు కూలికి పోతారు. ఇవాళ మీరు మా కలుపుకు రండి, రేపు మేం మీ కోతకు వస్తాం. చేతులు మారుతాయి, డబ్బు మారదు. ఆ పద్ధతిని మావాళ్ళు బెంగళూరు గేటు దగ్గరికి తెచ్చారు. ఏజెన్సీలో సెలవంటే జీతం కోత. అందుకని ఎవరైనా ఊరికి పోవాలంటే, ఇంకొకరు అతని డ్యూటీ కూడా చేసి, రిజిస్టరులో అతని పేరు మీద సంతకం పెట్టేవారు. అతను తిరిగొచ్చి ఆ బాకీని డ్యూటీలతోనే తీర్చేవాడు. మా భాషలో దాని పేరు 'బదులు'. "ఈ వారం నాకు రెండు బదుళ్ళు కావాలన్నా" అంటే చాలు, ఎవరో ఒకరు సరే అనేవారు. ఆడవాళ్ళు కూడా అంతే. ఒకరి అంతస్తు మరొకరు తుడిచేవారు.

ఆ సంతకాల పక్కన సరిచూశానని పొట్టి సంతకం పెట్టింది నేను. ఏ గేటూ ఖాళీగా లేదు, ఏ అంతస్తూ మురికిగా లేదు, ఇంకేం కావాలి అనుకున్నాను. కుర్రతనంలో మా ఊళ్ళో ప్రతి ఆదివారం జరిగే చర్చామండలిలో సత్యం గురించి గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి. అటువంటివాణ్ణి, నెలల తరబడి తప్పుడు రిజిస్టరు రాశాను. దయతో రాశాననుకోవడం వల్ల అది తప్పని కూడా అనిపించలేదు.

ఆ ఏడాది కంపెనీ మా ఏజెన్సీని మార్చేసింది. కొత్త ఏజెన్సీ మమ్మల్నే ఉంచుకుని చొక్కా రంగు మార్చింది. పాత ఏజెన్సీ మాత్రం చివరి రెండు నెలల జీతం ఆపేసింది. వాట్సాప్ గ్రూపులో ఒక మాట వచ్చింది, 'రిజిస్టర్ వెరిఫికేషన్ నడుస్తోంది' అని. వారం తర్వాత అదే మాట మళ్ళీ వచ్చింది. ఇంకో వారానికి ఆ గ్రూపులోంచి మమ్మల్నే తీసేశారు.

అందరికీ ఇబ్బందే. నారాయణపేట ఆవిడకు మాత్రం గడువు పడింది. మారతహళ్ళి వెనక రేకుల ఇళ్ళ వరుసలో ఆమె గది. అడ్వాన్సు మొత్తం బాడుగ కింద చెల్లిపోయింది. నెలాఖరుకు కట్టకపోతే ఖాళీ చేయమన్నాడు ఇంటాయన. ఖాళీ చేస్తే ఊరికి పోవాలి. ఇక్కడ సర్కారు బడిలో పదో తరగతి చదువుతున్న కూతురు చదువు నడుమ తెగుతుంది.

"నాకు ఊరికి పోనీకె సిగ్గేం లేదన్నా. ఊరు నాదే. పోరి పరీక్ష ఎవరు రాస్తరు, నేనా?" అంది.

పాత ఏజెన్సీ ఆఫీసు కాటన్‌పేటలో, ఒక గుడ్డల గోదాము మీద మేడ. యజమాని అక్కడే పుట్టి పెరిగినవాడు. తాత ముత్తాతలది మా సీమే. తెలుగు, కన్నడం ఒకే గుక్కలో మాట్లాడతాడు. రాక్షసుడేం కాదు. మనిషిని కూర్చోబెట్టి కాఫీ ఇస్తాడు. చాలామంది జీతం అడగడం మర్చిపోయేది ఆ కాఫీ దగ్గరే.

మేం పదకొండు మందిమీ వెళ్ళాం. గదిలో పట్టినంతమంది గదిలో, మిగతావాళ్ళు మెట్ల మీద.

"రాండప్పా, కూర్చోండి. కాఫీ చెప్పేదా?"

"జీతం ఇచ్చి చెప్పండి, తాగుతాం," అన్నాను.

"సూపర్‌వైజరప్పా, నీ నోరు స్వల్ప కూడా తగ్గల్యా," అని నవ్వి, రిజిస్టరు తెరిచాడు. "ఈ సంతకం చూడు. దీని కింద ఇది చూడు. రెండూ ఒకే చెయ్యి గదా? ఆ పొద్దు ఈయప్ప ఊర్లో ఉండాడు, నాకు గొత్తు, బాగా తెలుసు. ఊర్లో ఉండేవాడు ఈడ గేటు కాడ యెట్లుండాడు?"

కదిరి పెద్దాయన తల వంచుకున్నాడు. ఆ సంతకం ఆయన పేరు మీదదే.

"నేనేం అన్యాయం చేసేవాణ్ణి కాదు," అన్నాడు యజమాని. "కోర్టూ గీర్టూ మనకేంటికి? మనం మన పద్ధతిలోనే తేల్చుకుందాం." లేచి, దేవుడి పటాల ముందున్న ఇత్తడి పళ్ళెంలో కర్పూరం పెట్టి వెలిగించాడు. "ఈ రిజిస్టర్లో ఒక్క అబద్ధం కూడా ల్యాదు అని చెప్పి కర్పూరం ఆర్పండి. ఒక్కొక్కరే రాండి. ఆర్పినోళ్ళకి ఈ పొద్దే బ్యాంకులో ఏస్తా."

తెలియనివాళ్ళకు చెబుతాను. మావైపు గొర్రె పోయినా, పొలం గట్టు జరిగినా, తగవు తెగకపోతే చివరికి కర్పూరం దగ్గరికి వస్తుంది. మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి మాట చెప్పాలి. ఆ మాట అబద్ధమైతే ఆ ఇంటి దీపం ఆరిపోతుందని నమ్మకం. యజమానికి మావాళ్ళ లోపలి సంగతి మా అందరికన్నా బాగా తెలుసు. దొంగైతే ధైర్యంగా ఆర్పి డబ్బు పుచ్చుకుని పోతాడు. భయపడేది నిజాయితీపరుడు. ఆయన దొంగల కోసం ఆ పళ్ళెం పెట్టలేదు.

ఒక్కరూ ముందుకు రాలేదు. నారాయణపేట ఆవిడ కొంగు బిగించి ఒక అడుగు వేసింది, మంట చూసి ఆగిపోయింది. కూతురు గుర్తొచ్చి ఉంటుంది.

నాకు ఒళ్ళు మండింది. అది నిజమైన కోపమే, కానీ దానితో నేను చేసింది ఉపన్యాసం. ఇది జీతాల ఆఫీసా, సోదె చెప్పే అంగడా అని మొదలుపెట్టాను. కర్పూరం ఒక మండే పదార్థమనీ, దానికి చదువు రాదనీ, రిజిస్టరు తిప్పి చూడలేదనీ, పాలేగాళ్ళ కాలంలో సలసల కాగే నూనెలో చెయ్యి పెట్టించిన బుద్ధికీ దీనికీ తేడా లేదనీ ధాటిగా మాట్లాడాను. మెట్ల మీదివాళ్ళు కూడా మెడలు సాచి విన్నారు. యజమాని మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"శానా బాగుండాదప్పా," అన్నాడు చివరికి. "ఆమేలే?"

ఆ తర్వాత ఏమిటని అడుగుతున్నాడు. ఆ తర్వాత నా దగ్గర ఏమీ లేదు. ఈలోగా కర్పూరం తనంతట తానే అయిపోయింది. మేం మెట్లు దిగాం.

కింద వీధిలో గుడ్డల మూటలు మోసే బండ్లు అడ్డం తిరిగి, అందరూ అందరి మీదా అరుస్తున్నారు. ఒక కాఫీ అంగడి పక్కన నిలబడ్డాం. కదిరి పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అప్పా, ఒక మాట అంటా, కోపం చేసుకోవద్దు. నువ్వు దేవుణ్ణి నమ్మవు గదా?"

"నమ్మను."

"నీకు కర్పూరం అంటే కర్పూరమే గదా?"

"అంతే."

"అట్లయితే నువ్వు పోయి ఆర్పు. రిజిస్టరు రాసింది నువ్వే, ఆర్పినా నువ్వే ఆర్పాల. నువ్వు అందరి తరఫునా ఆర్పితే ఆయప్ప కాదనల్యాడు. మాకైతే పాపం తగులుతాది. నీకు తగిలేదానికి ఏముండాది?"

అందరూ నవ్వారు, నేను తప్ప. తర్కంలో అంత గట్టి దెబ్బ నాకు చర్చామండలిలో కూడా ఎవరూ కొట్టలేదు.

"నేను దేవుడి ముందు ప్రమాణం చెయ్యను. నలభై ఏళ్ళుగా అదే మాట మీద ఉన్నాను. నా నియమం అది," అన్నాను.

నారాయణపేట ఆవిడ తన కాఫీ చివరి గుక్క తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మంచిగున్నది. మేము నమ్మి ఆర్పము, నువ్వు నమ్మక ఆర్పవు. ఇగ ఆయన పైసలు ఆయన తానే ఉంటయ్. మా భక్తి, నీ నాస్తికం రెండు గలిసి ఆయన డబ్బా నింపుతున్నయ్. ఆయనకేం దక్కువ అన్నా?"

ఆమె కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

మారతహళ్ళికి వెళ్ళే బస్సులో నిలబడి ఆ మాటను నమిలాను. నిజంగా నేను ఎందుకు ఆర్పలేదు? కర్పూరంలో ఏమీ లేదని నమ్మేవాడికి దాన్ని ఆర్పడం అగ్గిపుల్ల ఊదడంతో సమానం. పదకొండు కుటుంబాలకు అన్నం దొరుకుతుంది. నియమం అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆర్పుతూ చెప్పాల్సిన మాట అబద్ధం. రిజిస్టరులో అబద్ధం లేదని నేను ఎట్లా చెబుతాను? ఆ పొట్టి సంతకాలు నావే కదా! కదిరి పెద్దాయన ఎక్కడ ఆగాడో నేనూ సరిగ్గా అక్కడే ఆగాను. ఆయన దానికి పాపమని పేరు పెట్టాడు, నేను నియమమని పెట్టాను. పైగా నేను దాన్ని దాచుకోవడానికి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్కులో బస్సు ఎప్పటిలాగే కదలకుండా నిలబడిపోయింది. ఆలోచించడానికి బెంగళూరు అంత వ్యవధి ఇచ్చే ఊరు ఇంకొకటి లేదు. యజమాని మమ్మల్ని అడిగిన ప్రశ్న ఏమిటి? రిజిస్టరులో అబద్ధం ఉందా లేదా. అసలు అడగాల్సిన ప్రశ్న ఏమిటి? పని జరిగిందా లేదా. ఆయన ప్రశ్న మార్చేశాడు. నేను దేవుడి మీద పడి, మారిన ప్రశ్నను చూడనే లేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం నారాయణపేట ఆవిడ గదిలో కూర్చున్నాం. పదకొండు మందికి చాలదు గనక సగం మంది గడప బయట. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. ఆ తర్వాత, రిజిస్టరు నిజమని ప్రమాణం చేయవద్దు, అందులో అబద్ధం ఎక్కడెక్కడ ఉందో మనమే రాసి లేబర్ ఆఫీసులో ఇద్దామన్నాను. ఎవరు ఎవరికి ఏ రోజు బదులు చేశారో మొత్తం.

కదిరి పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నీకు మతి ఉండాదా? మన మెడకు మనమే తాడు ఏసుకునేదా?"

"తాడు ఇప్పటికే ఆయన చేతిలో ఉంది. మనం దాచింది ఆయనకు తెలుసు గనకే మనల్ని ఆడిస్తున్నాడు. మనమే చెప్పేస్తే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది?"

"సూపర్‌వైజరుకి తిట్లు మిగుల్తయ్," అంది నారాయణపేట ఆవిడ. "రాయన్నా, నేను జెప్త."

ఆమె జ్ఞాపకం చూసి నేను నివ్వెరపోయాను. ఆమెకు తేదీలు తెలియవు, సంఘటనలు తెలుసు. లిఫ్టు ఇరుక్కున్న రోజు, మూడో అంతస్తులో ఎవరి పుట్టినరోజుకో కేకు కార్పెట్టంతా పూసిన రోజు, నీళ్ళ ట్యాంకరు రాని రోజు. ఆ రోజు ఎవరు ఎవరి అంతస్తు తుడిచారో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వాటికి తేదీలు ఫోన్లలోని ఫొటోలు, మెసేజులు చెప్పాయి. కదిరి పెద్దాయన ఊరికి పోయొచ్చిన ప్రతి బస్సు టికెట్టూ తన పంచాంగంలో దాచుకున్నాడు. ప్రయాణానికి మంచి రోజు చూసుకుని, వెళ్ళొచ్చాక ఆ పేజీలోనే టికెట్టు పెడతాడట. నేను పంచాంగాన్ని ఒక్క మాట కూడా అనకుండా కూర్చున్న రోజు నా జీవితంలో అదొక్కటే.

సాయంత్రానికి నాలుగు కాగితాలు నిండాయి. ప్రతి గేటుకూ ప్రతి పూటా ఒక మనిషి ఉన్నాడు, ప్రతి అంతస్తుకూ ఒక చెయ్యి తగిలింది. పేర్లు మారాయి గానీ పని ఎక్కడా ఆగలేదు. అలా అనుకుని కలం మూస్తుంటే కదిరి పెద్దాయన దగ్గాడు.

"ఒకటుండాదప్పా. వినాయక చవితికి వెనక వీధిలో అన్నదానం పెట్టిండ్రి గదా. మధ్యాన్నం పోయి వస్తామని పోతి. వరుస పెద్దదిగా ఉండె. వెనక గేటు కాడ మూడు గంటలు యెవరూ ల్యారు."

గదిలో అందరూ ఆయన్నే చూశారు. అది మాలో ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

"మూడు గంటలు తిన్నవా పెద్దాయనా?" అంది నారాయణపేట ఆవిడ.

"రెండుసార్లు వరుసలో నిలబడితి. సాంబారు బాగుండె. రాయప్పా, రాయి. అన్నీ రాసి ఇది మింగితే యెట్ల?"

రాశాను. నాలుగు కాగితాలకూ బలం ఇచ్చింది ఆ ఆఖరి వాక్యమేనని నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు కంపెనీ భవనం మేనేజరు దగ్గరికి వెళ్ళాను. గుంటూరు వైపు కుర్రవాడు, మర్యాదస్తుడు. "అన్నా, అది ఏజెన్సీ ఇష్యూ అన్నా. మేం వాళ్ళకి ఫుల్ పేమెంట్ ఇచ్చేశాం. మాకేం సంబంధం చెప్పండి?" అన్నాడు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు కంపెనీయే కట్టి, తర్వాత ఏజెన్సీ దగ్గర రాబట్టుకోవాలని చట్టం ఉందని చెప్పాను. లేబర్ ఆఫీసులో ఇవ్వబోయే కాగితంలో రెండో ప్రతివాది స్థానంలో కంపెనీ ఉందని కూడా చూపించాను. ఆయన ముఖం మారింది.

"మేం పే చేసినట్టు ప్రూఫ్ ఉందన్నా!"

"అదే ఇవ్వండి. మీకూ మంచిది, మాకూ మంచిది."

గంటలో రెండు నెలల బిల్లుల నకళ్ళు నా చేతికొచ్చాయి. బిల్లు కింద నాలుగు వరుసలున్నాయి. 'జతచేసిన హాజరు రిజిస్టరును పరిశీలించాము. అందులోని డ్యూటీలన్నీ జరిగినవి. వివరాలన్నీ నిజమైనవి' అని. దాని కింద ఏజెన్సీ ముద్ర, మా కాటన్‌పేట యజమాని సంతకం. ఆ సంతకం మాత్రం ఎవరి బదులూ పెట్టింది కాదు.

లేబర్ ఆఫీసులో మా అర్జీ విచారణకు వచ్చిన రోజు నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. అధికారి ఒక నడివయసు కన్నడావిడ. తెలుగు అర్థమవుతుంది, జవాబు కన్నడంలో చెబుతుంది. యజమాని విభూతి పెట్టుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని నమ్మకంగా వచ్చాడు. సంతకాలు చూపించాడు. ఆమె నా వైపు తిరిగింది. నేను మా నాలుగు కాగితాలూ ఇచ్చాను.

ఆమె చివరి దాకా చదివింది. అన్నదానం దగ్గర ఒకసారి ఆగి కదిరి పెద్దాయన వైపు చూసింది. "మీ తప్పులు మీరే రాసి తెచ్చుకున్నారా?" అని అడిగింది.

"చూసిరా మేడం, వాళ్ళే ఒప్పుకొన్నారు," అన్నాడు యజమాని సంబరంగా.

"ఒప్పుకున్నారు. ఖాళీగా ఉన్న మూడు గంటలు కూడా ఒప్పుకున్నారు. అవి మీకు తెలుసా?"

"నాకెట్ల తెలుస్తాది మేడం?"

"మీకు తెలియని తప్పు కూడా చెప్పినవాళ్ళు మిగతాది అబద్ధం రాస్తారా?" అని, బిల్లు నకలు ఆయన ముందుకు జరిపింది. "ఈ సంతకం మీదేనా? కంపెనీ దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు రిజిస్టరు నిజం. వీళ్ళకి ఇచ్చేటప్పుడు అబద్ధం. రెండిట్లో ఏది నిలబెడతారు?"

ఆయన బిల్లు వైపు చూశాడు, రిజిస్టరు వైపు చూశాడు. నిజమంటే మాకు జీతం ఇవ్వాలి. అబద్ధమంటే కంపెనీకి డబ్బు తిరిగివ్వాలి. నేను నోరు తెరవబోయాను. ఇంత తర్కం ఎదురుగా దొరికితే వదులుతానా? కానీ నా వెనక నుంచి నారాయణపేట ఆవిడ గొంతు వినిపించింది.

"మేడం, ఆ బిల్లుల ఒక్క అబద్ధం లేదని ఆయన్నే కర్పూరం ఆర్పమను. పళ్ళెం నేను పట్టుకుంట."

అధికారికి మొదట అర్థం కాలేదు. కదిరి పెద్దాయన విడమరిచి చెప్పాడు, పటాలతో సహా. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్క బల్ల గుమాస్తా బాహాటంగానే నవ్వాడు. యజమాని నవ్వలేదు. ఆయన కూడా నమ్మేవాడే, నిజంగా నమ్మేవాడు.

"వద్దమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇచ్చేస్తా. లెక్క చూసి వారంలో ఏస్తా."

ఆ మాటను అధికారి కాగితం మీద పెట్టించి సంతకం తీసుకుంది. మూడు గంటల జీతం కోసుకోవచ్చని రాయించింది. ఆ తర్వాత నన్ను నిలబెట్టి పాఠం చెప్పింది. "దయతో చేసినా రికార్డు రికార్డే. నువ్వు బదులని ఒక మాట పక్కన రాసి ఉంటే వీళ్ళు ఇన్నాళ్ళు పస్తులుండేవాళ్ళా?" అంది. తల వంచుకుని విన్నాను. పదిమందికి ఉపన్యాసాలిచ్చినవాడికి ఒక ఉపన్యాసం వినడం ఆరోగ్యమే.

గురువారం పగలు మూడు గంటలకు అందరి ఫోన్లూ వరసగా మోగాయి. ముందు వెనక గేటు దగ్గర, తర్వాత లాబీలో, తర్వాత అంతస్తుల్లో. నారాయణపేట ఆవిడ తుడుపుకర్ర గోడకు ఆనించి, అక్కడికక్కడే ఇంటాయనకు బాడుగ పంపి, పంపినట్టు ఫొటో తీసి పెట్టుకుంది. ఆమె కూతురు ఆ గదిలోంచే పరీక్షలకు వెళ్ళింది. కదిరి పెద్దాయన కోత చూసుకుని, "సాంబారు స్వల్ప ధర ఎక్కువే పడె," అని, "అయినా నష్టం ల్యాదు" అన్నాడు. నేను కొత్త ఏజెన్సీ రిజిస్టరులో ఒక గడి ఎక్కువ గీయించాను. ఎవరి డ్యూటీ, చేసింది ఎవరు. వాళ్ళు మొదట వద్దన్నారు. అర్జీ నకలు చూపిస్తే సరేనన్నారు. రిటైరయ్యేదాకా ఆ గడి నిజాయితీగా నిండింది.

మమ్మల్ని గెలిపించింది కర్పూరమేనని కదిరి పెద్దాయన ఇప్పటికీ వాదిస్తాడు. బిల్లు అని నేనంటాను. నెలకోసారి కలిసినప్పుడల్లా ఈ వాదం మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది. ఆయన్ని మార్చాలనే ఆత్రం నాకు తగ్గింది. ఆయన పంచాంగం లేకపోతే నా తర్కానికి సాక్ష్యం దొరికేది కాదు. మూఢనమ్మకం మీద నా పోరాటం మాత్రం తగ్గలేదు, తగ్గదు. పళ్ళెంలో మంట పెట్టి మనిషిని భయపెట్టడం నీచమని ఆనాడూ అన్నాను, ఇవాళా అంటాను. కానీ భయపడినవాణ్ణి వెక్కిరించి ఊరుకునేవాడు భయపెట్టినవాడికే సాయం చేస్తున్నాడు. ఆ సంగతి నాకు చెప్పింది పుస్తకం కాదు, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన ఒక తుడుపు మనిషి.

ఇది కాపలావాళ్ళ కథే కదా అని చల్లగా కూర్చోకండి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆఫీసుల్లో లాప్‌టాప్ ముందున్న మీలో ఎంతమంది జీతం ఎవరో మూడో మనిషి దగ్గర్నుంచి వస్తోంది? ఆఖరి నెల జీతం ఆపి, "అన్ని లెక్కలూ తీరాయి, నాకు రావాల్సింది ఏమీ లేదు" అన్న గడిలో టిక్కు పెడితేనే అనుభవ పత్రం ఇస్తామంటే, మీలో ఎంతమంది కళ్ళు మూసుకుని టిక్కు పెట్టారు? డెలివరీ బండి మీద తిరిగే తమ్ముళ్ళారా, మీ ఖాతాలో కోత ఎందుకు పడిందో అడిగితే 'సిస్టమ్ నిర్ణయం' అని వచ్చిన జవాబును దైవ నిర్ణయంలా స్వీకరించలేదా? మీరు నాస్తికులైతే ఏం, ఆస్తికులైతే ఏం?

కాబట్టి ఇది చదవడం ఆపి, ఒక నోటుపుస్తకం తీయండి. ఇవాళ మీరు ఏ పని చేశారో, ఎన్ని గంటలు చేశారో, మీ బదులు ఎవరు చేశారో, మీరు ఎవరి బదులు చేశారో రాయండి. మీరు చేయని గంటలుంటే అవి కూడా రాయండి. రేపు పొద్దున పనికి వెళ్ళగానే జీతం చీటీ అడగండి. 'ఇవ్వం' అంటే, ఆ మాటనే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టేదాకా అక్కడి నుంచి కదలకండి.